అలెక్స్ హిగిన్స్: శాండీ రో నుంచి ప్రపంచ విజేతగా, మళ్లీ శాండీ రోకే

స్నూకర్ అనగానే ఇంగ్లండ్ ఆట అనుకుంటాం. కానీ అది పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మెస్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే యువ అధికారి, అప్పటికే ఉన్న రెండు మూడు బిలియర్డ్స్ ఆటలను కలిపి దీన్ని తయారుచేశాడు. తర్వాతి కాలంలో బ్రిటన్ ప్రధాని అయిన చాంబర్లేన్ వేరు, ఈయన వేరు. 1882లో ఊటీ క్లబ్బులో నియమాలు ఒక కొలిక్కి తెచ్చి గోడకు తగిలించారు. కోయంబత్తూరు, నీలగిరి ప్రాంతాల్లోని మన పాఠకుల్లో చాలామంది ఆ క్లబ్బు గేటు ముందు నుంచి వెళ్లే ఉంటారు.

దొరల క్లబ్బులో పుట్టిన ఆట బ్రిటన్ చేరాక కూలీల పేటలకు దిగింది. గనులు, ఓడరేవులు, మిల్లులు ఉన్న ప్రతి ఊళ్లోనూ ఒక బిలియర్డ్స్ హాలు, దానితోపాటే చెడ్డపేరు. మన ఊళ్లలో స్నూకర్ పార్లర్లు తెరిచినప్పుడు మన ఇళ్లలో పెద్దవాళ్లు ఎలా చూశారో, అక్కడి పెద్దవాళ్లూ అలాగే చూశారు. బడి ఎగ్గొట్టిన పిల్లలు, పందేలు కాసే పెద్దలు, సిగరెట్ పొగ. ఆ భయంలో నిజం లేకపోలేదు. ఈ రోజు మేము చెప్పబోయే మనిషి జీవితమంతా ఆ భయం నిజమేనని రుజువు చేసినట్టే ఉంటుంది. కానీ ఆ హాలు లేకపోతే లోకానికి అతనే లేడు.

అలెగ్జాండర్ గోర్డన్ హిగిన్స్ 1949 మార్చి 18న ఉత్తర ఐర్లాండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లో, శాండీ రో పక్కనున్న ఇరుకు వీధుల్లో పుట్టాడు. ప్రొటెస్టెంట్ కార్మికుల పేట అది. తండ్రి రైల్వేలో కూలి. చిన్నప్పుడు లారీ ఢీకొట్టడంతో ఆయనకు చదవడం, రాయడం అబ్బలేదు. తల్లి ఇళ్లూ ఆఫీసులూ శుభ్రం చేసేది. ముగ్గురు ఆడపిల్లల మధ్య ఒక్కగానొక్క మగపిల్లాడు. గారాబం జరిగే ఉంటుంది.

ఇంటికి దగ్గర్లో జాంపాట్ అనే బిలియర్డ్స్ హాలు ఉండేది. 10, 11 ఏళ్ల వయసు నుంచే కుర్రాడు అక్కడ తేలేవాడు. అక్కడ ఆట నేర్పే గురువులెవరూ లేరు. చిల్లర పందేలకు ఆడే పెద్దవాళ్లను చూసి నేర్చుకోవడమే. ఓడితే జేబు ఖాళీ, గెలిస్తే మరో గంట బల్ల దొరుకుతుంది. అతని ఆటలోని తొందర అక్కడే అలవడిందని మా అనుమానం.

14 ఏళ్లకే ఇల్లు విడిచి ఇంగ్లండ్ వెళ్లాడు, స్నూకర్ కోసం కాదు. గుర్రపు పందేల్లో జాకీ కావాలని ఒక శిక్షకుడి గుర్రపుశాలలో చేరాడు. అప్పుడు బరువు 48 కిలోలు కూడా లేడు. అక్కడ తిండి బాగా దొరికిందేమో, ఒళ్లు చేసి జాకీకి పనికిరాకుండా పోయాడు. కొంతకాలానికి బెల్‌ఫాస్ట్ తిరిగొచ్చి మళ్లీ కర్ర పట్టాడు. 1968లో ఉత్తర ఐర్లాండ్ అమెచ్యూర్ టైటిల్, ఆల్ ఐర్లాండ్ అమెచ్యూర్ టైటిల్ రెండూ గెలిచాడు. గుర్రాల మీది మోజు మాత్రం చివరిదాకా వదల్లేదు. సంపాదించిన దాంట్లో పెద్ద భాగం తిన్నది ఆ పందేలే.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. స్నూకర్ బల్ల 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. దాని మీద 15 ఎర్ర బంతులు, ఆరు రంగు బంతులు, ఒక తెల్ల బంతి. కర్రతో తెల్ల బంతినే కొట్టాలి, అది వెళ్లి మిగతావాటిని సంచుల్లో పడేయాలి. ఎర్ర బంతికి 1 పాయింటు, రంగు బంతులకు 2 నుంచి 7 వరకు. ఒక ఎరుపు, ఒక రంగు, మళ్లీ ఎరుపు, ఇలా తప్పేదాకా ఆడుతూనే ఉండొచ్చు. అలా ఒక విడతలో వచ్చిన పాయింట్లను బ్రేక్ అంటారు, ఒక పూర్తి ఆటను ఫ్రేమ్ అంటారు. అసలు తెలివి బంతిని సంచిలో వేయడంలో కన్నా, ఆ తర్వాత తెల్ల బంతి మనకు కావలసిన చోట ఆగేలా చేయడంలో ఉంటుంది. అది ఆగవలసిన చోట ఆగితే ఎవరైనా ఆడగలరు. ఆగకపోతే ఏం చేస్తారన్నదే ప్రశ్న. హిగిన్స్ గొప్పతనమంతా అక్కడే ఉంది.

శిక్షకులు చెప్పే మొదటి పాఠం తల కదలకూడదని, మోచేయి తప్ప ఒళ్లు కదలకూడదని. హిగిన్స్ దెబ్బ కొట్టిన మరుక్షణమే పైకి లేచిపోయేవాడు. భుజాలు, తల, ఒళ్లంతా ఊగిపోయేది. ఒక బంతి సంచిలో పడుతుండగానే తర్వాతి బంతి వైపు సగం దూరం నడిచేసేవాడు. ముక్కు ఎగబీలుస్తూ, భుజం ఎగరేస్తూ, పక్కన వెలుగుతున్న సిగరెట్, ఒక గ్లాసు. ఏ పుస్తకం ప్రకారం చూసినా ఆ బంతులు పడకూడదు, అయినా పడేవి. పేరు ముందు హరికేన్ అని తగిలించింది ఆ వేగం చూసే.

1971లో ప్రొఫెషనల్ అయ్యాడు. మొదటిసారి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అడుగుపెట్టి, అర్హత పోటీల నుంచి ఆడుకుంటూ వచ్చి ఏకంగా కప్పు గెలిచాడు. అర్హత పోటీల నుంచి వచ్చి టైటిల్ గెలిచిన మొదటి ఆటగాడు అతనే. 1972 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్‌లో, మాజీ సైనికుల క్లబ్బు ఒకదాంట్లో ఫైనల్ జరిగింది. ఆ నెల బ్రిటన్‌లో బొగ్గుగని కార్మికుల సమ్మె, కరెంటు కోతలు. జనరేటరు పెట్టుకుని ఆట నడిపించారు. ప్రేక్షకులు బీరు డబ్బాల మీద పరిచిన పలకలపై కూర్చుని చూశారు. రోజుల తరబడి సాగిన ఫైనల్‌లో అప్పటి చాంపియన్ జాన్ స్పెన్సర్‌ను 37-32 ఫ్రేములతో ఓడించాడు. వయసు ఇంకా 23 నిండలేదు, అంత చిన్న వయసులో అంతకుముందు ఎవరూ గెలవలేదు. ప్రైజు మనీ 480 పౌండ్లు. ఆ రోజుల్లో అతనికి స్థిరమైన ఇల్లు కూడా లేదు. బ్లాక్‌బర్న్ అనే ఊళ్లో కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఇళ్ల వరుసలో ఒకటి కూలగొడితే పక్కదాంట్లోకి మారుతూ తలదాచుకున్నాడని చెబుతారు.

ఆ రోజుల్లో అతని సొంతగడ్డ ఎలా ఉందో కూడా చెప్పాలి. 1972 జనవరి 30న ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీ నగరంలో బ్రిటిష్ సైనికులు పౌరహక్కుల ఊరేగింపు మీద కాల్పులు జరిపారు. కాథలిక్కులు, ప్రొటెస్టెంట్ల మధ్య 30 ఏళ్లు సాగిన ఆ హింసాకాలంలో అన్నిటికన్నా ఎక్కువ మంది చనిపోయిన సంవత్సరం అదే. బెల్‌ఫాస్ట్ పేరు వింటే బాంబులే గుర్తొచ్చే రోజుల్లో, ఆ ఊరి పేరు మరో కారణంతో పేపరుకెక్కించిన కుర్రాడు హిగిన్స్. ఆ తర్వాత అతను ఏం చేసినా ఊరు క్షమిస్తూ రావడానికి ఇది పెద్ద కారణమని మేము అనుకుంటాం.

స్నూకర్ అదృష్టం కూడా అప్పుడే తిరిగింది. కలర్ టీవీలు వస్తున్న కాలం. రంగు బంతుల ఆటకు మించిన ప్రకటన కలర్ టీవీకి ఏముంటుంది? బీబీసీ 1969లోనే పాట్ బ్లాక్ అనే స్నూకర్ కార్యక్రమం మొదలుపెట్టింది. 1977 నుంచి ప్రపంచ చాంపియన్‌షిప్ షెఫీల్డ్ నగరంలోని క్రూసిబుల్ థియేటర్‌కు మారింది. బో టైలు, వెయిస్ట్‌కోట్లు వేసుకున్న పెద్దమనుషుల మధ్య, పెద్ద అంచుల టోపీ పెట్టుకుని, మెడకు టై కట్టనని మొండికేసే హిగిన్స్. టై కడితే చర్మానికి పడదని డాక్టరు చీటీ కూడా తెచ్చుకున్నాడు. టీవీ ముందు కూర్చున్న కార్మిక కుటుంబాలకు అతను తమ పేట కుర్రాడిలా కనిపించాడు, జనం చాంపియన్ అనే పేరు స్థిరపడింది.

ఇంకో విషయం ఇక్కడే చెప్పాలి. ఆ టోర్నమెంట్లను పోషించింది సిగరెట్ కంపెనీలు. ప్రపంచ చాంపియన్‌షిప్ ఎంబసీ సిగరెట్ల పేరుతో, మాస్టర్స్ బెన్సన్ అండ్ హెడ్జెస్ పేరుతో జరిగేవి. ఆటగాళ్లు బల్ల పక్కనే పొగ తాగుతూ, మందు తాగుతూ ఆడటం అప్పట్లో మామూలు. చాలామంది ఆ వాతావరణంలో ఆడి, ఇంటికెళ్లి మామూలుగా బతికారు. హిగిన్స్ అలా బతకలేకపోయాడు.

రెండో ప్రపంచ టైటిల్ రావడానికి పదేళ్లు పట్టింది. 1976 ఫైనల్‌లో రే రియర్డన్ చేతిలో ఓడాడు. 1980 ఫైనల్‌లో కెనడా ఆటగాడు క్లిఫ్ థార్బర్న్ మీద 9-5 ఆధిక్యంలో ఉన్నాడు. నిదానంగా ఆడితే చాలు. కానీ హిగిన్స్‌కు నిదానం చేతకాదు. జనాన్ని మెప్పించే దెబ్బలకు పోయి 16-18తో ఓడాడు. లండన్‌లోని ఇరాన్ రాయబార కార్యాలయంలోకి కమాండోలు దూకిన సాయంత్రం అది. బీబీసీ ఫైనల్‌ను మధ్యలో ఆపి ఆ దృశ్యాలు చూపించాల్సి వచ్చింది.

1982 మాత్రం అతనిది. సెమీఫైనల్ ప్రత్యర్థి జిమ్మీ వైట్, అప్పుడే 20 ఏళ్లు నిండిన లండన్ కుర్రాడు, ఆటలో హిగిన్స్‌కు తమ్ముడి వరస. వైట్ 15-14తో ముందున్నాడు. ఇంకొక్క ఫ్రేమ్ గెలిస్తే ఫైనల్. ఆ ఫ్రేమ్‌లోనూ 59-0 ఆధిక్యం. అక్కడ ఒక బంతి తప్పాడు, హిగిన్స్ లేచాడు. ఒక్క తప్పు చేసినా ఇంటికే. ఆ తర్వాత అతను చేసిన 69 పాయింట్ల బ్రేక్‌ను ఇప్పటికీ స్నూకర్ చరిత్రలో గొప్ప బ్రేకుల్లో ఒకటిగా చెబుతారు. 69 అంటే పెద్ద అంకె కాదు, ఈ రోజుల్లో 100 దాటడం రోజూ జరిగేదే. కానీ ఆ బ్రేక్‌లో తెల్ల బంతి మళ్లీ మళ్లీ ఆగకూడని చోటే ఆగుతూ వచ్చింది. ప్రతిసారీ ముందుదానికన్నా కష్టమైన బంతిని, ఎవరూ సాహసించని కోణంలో కొట్టి పడేస్తూ పోయాడు. వీడియో దొరుకుతుంది, చూడండి. ఆట తెలియకపోయినా ఊపిరి బిగబట్టి చూస్తారు. ఆ ఫ్రేమ్ గెలిచి, ఆఖరి ఫ్రేమ్ కూడా గెలిచి 16-15తో ఫైనల్ చేరాడు.

ఫైనల్‌లో ఆరుసార్లు విజేత అయిన రియర్డన్‌ను 18-15తో ఓడించాడు. ఆఖరి ఫ్రేమ్‌లో బల్ల మీద ఒక్క బంతి మిగల్చకుండా 135 చేశాడు. కప్పు చేతికిచ్చేటప్పుడు ఏడుస్తూ, ప్రేక్షకుల్లో ఉన్న భార్యనూ పసిపాపనూ దగ్గరికి రమ్మని చేతులు చాచాడు. పాపను ఎత్తుకుని కన్నీళ్లతో నిలబడ్డ ఆ దృశ్యం బ్రిటన్‌లో ఆ తరం వాళ్లందరికీ గుర్తు. కొన్నేళ్లకే ఆ కాపురం విడిపోయింది. అది అతని రెండో పెళ్లి.

ఆ సంవత్సరపు మరో సంగతి తక్కువ మందికి తెలుసు. ప్రపంచ ర్యాంకింగుల్లో అతను మొదటి స్థానానికి చేరాల్సింది. క్రమశిక్షణ చర్య కింద పాయింట్లు కోత పడటంతో రెండో స్థానంలో ఆగిపోయాడు. ఆ మొదటి స్థానం మళ్లీ ఎప్పుడూ రాలేదు.

1983లో ప్రెస్టన్‌లో జరిగిన యూకే చాంపియన్‌షిప్ ఫైనల్‌లో స్టీవ్ డేవిస్ మీద మొదట 0-7తో వెనకబడి, చివరికి 16-15తో గెలిచాడు. డేవిస్ అంటే ఆ రోజుల్లో తప్పు చేయని యంత్రం. క్రమశిక్షణ, పొదుపు, సాధన, హిగిన్స్‌లో లేనివన్నీ అతనిలో ఉన్నాయి. మనలో చాలామంది మన పిల్లల్ని డేవిస్‌లా పెంచాలనుకుంటాం, టీవీ ముందు కూర్చుని మాత్రం హిగిన్స్ గెలవాలని కోరుకుంటాం. బ్రిటన్ కూడా అంతే చేసింది.

అక్కడి నుంచి పతనం. 1986 యూకే చాంపియన్‌షిప్‌లో డ్రగ్ పరీక్ష విషయమై గొడవపడి, టోర్నమెంట్ డైరెక్టర్‌ను తలతో పొడిచాడు. 12,000 పౌండ్ల జరిమానా, ఐదు టోర్నమెంట్ల నిషేధం. 1989 మొదట్లో ఒక ఫ్లాట్ కిటికీలోంచి కిందపడి కాలి మడమ విరగ్గొట్టుకున్నాడు. ఆ కాలు పూర్తిగా నయం కాకముందే బల్ల చుట్టూ కుంటుతూ, గెంతుతూ ఆడాడు. అలాంటి స్థితిలోనే ఆ ఏడు ఐరిష్ మాస్టర్స్ ఫైనల్‌లో, తనలో సగం వయసున్న స్టీఫెన్ హెండ్రీని 9-8తో ఓడించాడు. ఆ పోటీ జరిగింది డబ్లిన్ దగ్గర గాఫ్స్ అనే చోట, పందెపు గుర్రాలను వేలం వేసే ప్రాంగణంలో. జాకీ కాలేకపోయిన కుర్రాడి చివరి పెద్ద విజయం అక్కడ దక్కింది. అప్పుడు అతనికి 40 ఏళ్లు.

1990లో జరిగింది మాత్రం ఎవరూ వెనకేసుకురాలేనిది. జట్ల ప్రపంచకప్‌లో ఉత్తర ఐర్లాండ్ తరఫున డెనిస్ టేలర్‌తో కలిసి ఆడాడు. టేలర్ కాథలిక్, 1985 ప్రపంచ విజేత, ఏళ్ల తరబడి హిగిన్స్ సహచరుడు. ఒకే జట్టుగా ముగ్గురు ఐర్లాండ్ ఆటగాళ్లు వరుసగా మూడేళ్లు ప్రపంచకప్ గెలిచినప్పుడు ఇద్దరూ అందులో ఉన్నవాళ్లే. ఓడిపోయిన కోపంలో హిగిన్స్, టేలర్‌ను ఈసారి ఊరికొస్తే కాల్పించేస్తానని బెదిరించాడు. వేరే ఊళ్లో అయితే తాగుబోతు కూత అని వదిలేయొచ్చు. శాండీ రో మనిషి ఒక కాథలిక్కుతో ఆ మాట అనడం, మనుషులను నిజంగానే అలా కాల్చి చంపుతున్న రోజుల్లో, వేరే సంగతి. కొద్ది రోజులకే ఐరిష్ మాస్టర్స్‌లో ఇద్దరూ ఎదురుపడ్డారు. టేలర్ మాట మాట్లాడకుండా 5-2తో ఓడించి వెళ్లాడు. తర్వాతి నెల ప్రపంచ చాంపియన్‌షిప్ మొదటి రౌండ్‌లో ఓడాక హిగిన్స్ ఒక ప్రెస్ అధికారి కడుపులో గుద్దాడు. సీజన్ మొత్తం నిషేధం పడింది. తిరిగొచ్చాక ఆట రాలేదు. 30, 40 లక్షల పౌండ్లు సంపాదించి ఉంటాడని అంచనా, అదంతా మందుకు, గుర్రాలకు, కోర్టులకు, కాపురాల చీలికలకు పోయింది.

1998లో గొంతు క్యాన్సర్ బయటపడింది. చికిత్సతో క్యాన్సర్ తగ్గింది గానీ, గొంతు పోయి గుసగుస మిగిలింది. రేడియేషన్‌కు పళ్లు పాడై ఊడిపోయాయి. నమలలేడు, మెత్తని ఆహారం తప్ప దిగదు, అదీ సరిగా తినడు. తాగుడు, పొగ మాత్రం మానలేదు. బెల్‌ఫాస్ట్ తిరిగొచ్చి, పుట్టిన పేటకు దగ్గర్లోనే వృద్ధుల కోసం కట్టిన సంక్షేమ గృహంలో ఒక ఫ్లాట్‌లో, ప్రభుత్వ భత్యం మీద బతికాడు. పబ్బుల్లో పదేసి పౌండ్లకు స్నూకర్ ఆడేవాడని చెబుతారు. తన చిన్నప్పుడు జాంపాట్‌లో పెద్దవాళ్లు చేసిన పనే అది.

సాయం చేసేవాళ్లు లేరనుకోవద్దు. జిమ్మీ వైట్, ఇతర మిత్రులు వదల్లేదు. చివరి ఏడాది అతనికి కొత్త పళ్లు పెట్టించడానికి 20,000 పౌండ్లు కూడబెట్టారు. 2010 ఏప్రిల్‌లో పాత ఆటగాళ్ల ప్రదర్శన కోసం క్రూసిబుల్‌కు వచ్చాడు. టీవీలో వెయిస్ట్‌కోట్ వేసుకున్న అస్థిపంజరంలా ఉన్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పళ్ల ఆపరేషన్‌కు వెళితే, ఒంట్లో సత్తువ లేదని డాక్టర్లు కాదన్నారు. డబ్బు వచ్చేసరికి దాన్ని అందుకునే ఒళ్లు మిగల్లేదు.

2010 జులై 24న తన ఫ్లాట్‌లో చనిపోయి కనిపించాడు. 61 ఏళ్లు. బరువు 38 కిలోల దగ్గర, అంటే జాకీ కావాలని బయల్దేరిన 14 ఏళ్ల కుర్రాడికన్నా 10 కిలోలు తక్కువ. క్యాన్సర్ తిరగబెట్టలేదు. తిండి లేక, పళ్లు లేక, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. బ్రిటన్‌లో, ఉచిత వైద్యం ఉన్న దేశంలో, రెండుసార్లు ప్రపంచ విజేత పోషకాహార లోపంతో పోవడం మాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆగస్టు 2న గుర్రబ్బండిలో శవపేటిక బెల్‌ఫాస్ట్ వీధుల మీదుగా సెయింట్ ఆన్స్ కెథడ్రల్‌కు చేరింది. దారి పొడవునా వేలమంది నిలబడ్డారు. జిమ్మీ వైట్, స్టీఫెన్ హెండ్రీ, కెన్ డోహర్టీ వచ్చారు.

ఆరేళ్ల తర్వాత, 2016లో ఉత్తర ఐర్లాండ్ ఓపెన్ టోర్నమెంట్ మొదలైంది. దాని ట్రోఫీకి అలెక్స్ హిగిన్స్ పేరు పెట్టారు. బెల్‌ఫాస్ట్‌లోనే జరిగిన ఆ తొలి పోటీలో కప్పు అందుకున్నది మార్క్ కింగ్. ప్రొఫెషనల్‌గా 25 ఏళ్లు ఆడినా అప్పటివరకు ఒక్క ర్యాంకింగ్ టైటిల్ కూడా గెలవని ఆటగాడు. ఫైనల్‌లో ఆఖరి ఫ్రేమ్ దాకా వెళ్లి 9-8తో గెలిచి, ఆ కప్పు పట్టుకుని అతనూ ఏడ్చాడు.